రెండువేల ఎనిమిది వందల కిలోల ఇల్లు

గేటు మూతకు 74 రోజులు

గూడుబండికి అర్జీ పెట్టుకున్నవాళ్లు ఆ రోజు నుంచే ఈ పుస్తకం రాయాలట. ఏం కొన్నారు, ఏం బిగించారు, ఏది పాడైంది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయాలి. కొండ కింద గేటు దగ్గర వాళ్లు చదువుతారట. చదువుకోనీ. నా పేరు దాడి సన్యాసమ్మ. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఒక్క ఏళ్లు లారీల కాటా మీద పనిచేశాను. నా చేతి మీదుగా పోయిన బండ్లలో ఒక్కటీ తప్పు బరువుతో పోలేదు. బస్తాను చూసి బరువు చెబుతాను, మనిషిని చూసీ చెబుతాను. గొప్ప కోసం రాయడం లేదు, ఉన్నది ఉన్నట్టు రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

అర్జీలో 'ఎవరి కోసం' అన్నచోట నూకరత్నం అని రాశాను. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. అక్కా అని పిలుస్తాను. అన్నదమ్ములిద్దరూ పోయి చాలా కాలమైంది. మేమిద్దరం ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, రోజూ పోట్లాడుకుంటూ బతుకుతున్నాం.

ఎండలు ముదిరాక మైదానంలో ఇళ్లకు కరెంటు ఆపేస్తారు. నాలుగు నెలలు ఊళ్లు ఖాళీ. సొంత గూడుబండి ఉన్నవాళ్లు కొండెక్కి చలిమెట్టకు వెళతారు, లేనివాళ్లను పాత రైలు సొరంగాల్లో పెడతారు. కిందటేడు డ్యూటీ ఉందని నన్ను మార్కెట్ చల్లగదిలో ఉంచారు. అక్క సొరంగానికి వెళ్లింది. నాలుగు వేల మంది పీల్చి వదిలిన గాలినే పీల్చి, తిరిగొచ్చేసరికి ఊపిరితిత్తులు సగమయ్యాయి. ఇప్పుడు నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు ఆగాలి. ఇంకో వేసవి సొరంగంలో ఉంటే తిరిగి రాదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

నేను పంపను. గేటు మూసేలోగా ఆవిడను కొండ మీదికి చేర్చాలి. ఈ పుస్తకంలో అంతకన్నా పెద్ద సంగతి ఉండదు.

గేటు మూతకు 70 రోజులు

మా వీధిలో ముగ్గురు ముందు గూడు కొనేసి, ఇప్పుడు దానికి సరిపోయే బండి కోసం తిరుగుతున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. గూడంటే ఏమిటి? పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టి నాలుగు మూలలా బిగించే గది. దాన్ని మోసేది బండి. మోసేవాణ్ణి చూసుకోకుండా మూట కట్టుకుంటారా ఎవరైనా?

బైపాస్ మీద ఒక షోరూంకి నేనూ వెళ్లాను. అక్కడివాడు నాకు గూట్లో స్నానాలగది చూపిస్తున్నాడు, గోడకు నిలువుటద్దం చూపిస్తున్నాడు. నేను బండి తలుపు తీసి అంచుకు అంటించిన రేకు చదువుతున్నాను. ఎంత మోయగలదో ఆ రేకు మీదే ఉంటుంది. గూడు బరువెంత అని అడిగితే తేలికేనమ్మా అన్నాడు. తేలిక అనే అంకె నేను ఏ కాటా మీదా చూడలేదని చెప్పి వచ్చేశాను.

చివరికి మా మార్కెట్ వాళ్లు వదిలించుకుంటున్న కరెంటు పికప్ తీసుకున్నాను. చూడ్డానికి ఏబ్రాసిగా ఉంటుంది. కానీ నేను కింద పడుకుని ఛాసిస్ అంతా సుత్తితో కొట్టి చూశాను, ఎక్కడా తుప్పు పొర ఊడలేదు. కింద బరువు మోసే కమాన్ పట్టీలు ఒక్కటీ విరగలేదు. ఖాళీ బరువు 1,610. గేటు దగ్గర మొత్తం 2,800 దాటకూడదు. ఘాట్‌లో కొండ జారిపోయినచోట కొండవాళ్లు తీగల వంతెన వేసుకున్నారు, అది అంతకు మించి మోయదు. అంటే మా ఇల్లూ సంసారమూ 1,190 కిలోల్లో అయిపోవాలి.

గేటు మూతకు 61 రోజులు

గూడు కట్టేది కర్రి ఈశ్వర్రావు మేస్త్రి. లారీ బాడీలు కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. చిక్కల్లా అక్కడే ఉంది, ఆయనకు లారీలు తప్ప ఇంకేం తెలీదు. మొదటి రోజే ఇనప యాంగిళ్లు, టేకు దుంగలు దించాడు. బలంగా ఉండాలి కదమ్మా అంటాడు. ఆ బలం చూసి కొండే కిందికి దిగొస్తుందేమో అన్నాను. అల్యూమినియం గొట్టాలతో చట్రం, మధ్యలో ఫోమ్ పలకలు, పైన పల్చటి రేకు, అంతే అని తేల్చిచెప్పాను. ప్రతి ముక్కనూ బిగించే ముందు నా చిన్న కాటా మీద తూచాను. మేకుల డబ్బా కూడా తూచేసరికి ఆయనకు కోపమొచ్చి పని వదిలేసి వెళ్లిపోయాడు.

రెండు రోజులు రాలేదు. మూడో రోజు అక్క పోయి ఆయన వాకిట్లో కూర్చుందట. ఏం మాట్లాడిందో, అన్ని మాటలకు ఊపిరెక్కడిదో నాకు తెలీదు. ఇద్దరూ కలిసి వచ్చారు. అప్పట్నుంచి మేస్త్రి తనంతట తనే ప్రతి పలక మీదా పెన్సిల్‌తో బరువు రాస్తున్నాడు. నా మాటకు విలువ లేదు గానీ ఆవిడ దగ్గుకు ఉంది.

ఆవిడకు మంచం పక్కన కిటికీ కావాలట. అద్దం ఆరు కిలోలు, కుదరదన్నాను. ఒక పూటంతా మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఊపిరికి మంచిదేలే అనుకున్నాను. సాయంత్రానికి నాకే తోచక, ప్లాస్టిక్ షీటుతో కిటికీ పెట్టించాను. కిలోన్నర.

గేటు మూతకు 47 రోజులు

నేను లేని పూట చూసి మేస్త్రి నీళ్ల తొట్టిని గూడు వెనకాఖర్న బిగించేశాడు. గొట్టం తిప్పడం సులువని. వంద లీటర్లు వెనక చివర వేలాడితే ముందు చక్రాలు తేలిపోతాయి, ఎక్కుడులో స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. మా బండికి మోటారు కూడా ముందు చక్రాలకే. ఆయన నమ్మలేదు. తొట్టి నింపించి ముందు బంపర్ కింద చెయ్యి పెట్టి ఎత్తమన్నాను. బండి ఊగింది. అప్పటికప్పుడే ఊడదీసి మంచం కింద, వెనక ఇరుసుకు ముందుగా పెట్టాడు. బ్యాటరీలు కూడా అక్కడే, నేలకు ఆనించి. బరువైనవి కిందా ముందూ, తేలికవి పైనా వెనకా. బండికి ఇంతకు మించిన వేదాంతం లేదు.

గూడు చల్లబరిచే చల్లపెట్టె మాత్రం పెద్దదే కొన్నాను. 34 కిలోలు. అంత గదికి అంత యంత్రం ఎందుకని మేస్త్రి కూడా అన్నాడు. నాకు ఎండంటే భయం. కిందటేడు అక్కను సొరంగం నుంచి స్ట్రెచర్ మీద తెస్తుంటే చూశాను. ఆ రోజు నుంచి భయం పోలేదు, అందుకే పెద్దది కొన్నాను. అక్క ఊపిరి యంత్రం తొమ్మిది కిలోలు, అది ఆవిడ తలవైపు గోడకు.

గేటు మూతకు 36 రోజులు

గూడు తయారైంది. బండి తొట్టిలోనే పెట్టి కట్టాం కాబట్టి, దించి ఎక్కించడం ఇవాళే మొదటిసారి. నాలుగు మూలలా నాలుగు కాళ్లు, హ్యాండిల్ తిప్పితే లేస్తాయి. గూడు గాల్లో నిలబడ్డాక బండిని రివర్స్‌లో దాని కిందికి దూర్చాలి. అటూ ఇటూ నాలుగు వేళ్ల సందు.

అక్క కుర్చీలో కూర్చుని దారి చూపిస్తానంది. చెయ్యి ఊపుతూ 'ఇటు, ఇటు' అంటుంది. ఎవరి ఇటు? ఆవిడ ఇటా, నా ఇటా? మూడుసార్లు మూలకు తగిలించాను. నాలుగోసారి ఆవిడ చీపురు పుల్ల తీసుకుని, బండి ఎటు జరగాలో అటు పుల్ల చూపించింది. సర్రున దూరిపోయింది. మేస్త్రి చప్పట్లు కొట్టాడు, అక్క ఆ చప్పట్లన్నీ తనకే అనుకుంది.

గేటు మూతకు 29 రోజులు

అకాల వర్షం. ఊరంతా సంబరం, నాకు పరీక్ష. గూట్లో టార్చి పట్టుకుని కూర్చున్నాను. పైకప్పు రెండు రేకులు కలిసేచోట బొట్టు బొట్టుగా కారింది. ఎండలో రేకు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది, మధ్యలో బంక చీలుతుంది. పాత బంకంతా గీకేసి, తుడిచి, ఆరనిచ్చి కొత్తది పట్టించాను. ఇకనుంచి నెలకోసారి పైకెక్కి అతుకులన్నీ వేలితో తడిమి చూడాలి. కళ్లకు కనపడని చీలిక వేలికి తెలుస్తుంది.

గూడు రెండు వేళ్లంత వెనక్కి జరిగి ఉందని కూడా ఇవాళే చూశాను. తొట్టిలో రబ్బరు చాప పరిచి, మూలల కొక్కేల గొలుసులు మళ్లీ బిగించాను.

గేటు మూతకు 18 రోజులు

46 డిగ్రీలు. పదకొండు గంటలకే అక్కకు ఊపిరాడలేదు. పెదాలు నల్లబడ్డాయి. ఎత్తుకుని గూట్లోకి తెచ్చి చల్లపెట్టె వేసి, ముక్కుకు గొట్టం పెట్టాను. ఎత్తుకుంటే తెలిసింది, నలభై ఏడు కిలోలే ఉంది. పెళ్లయి ఈ ఇంటికి నేనొచ్చిన రోజు ఆవిడ నన్ను గడప దగ్గర పక్కకు నెట్టి ముందు నడిచింది, అంత మనిషి. కూర్చుని ఏడ్చాను. ఆవిడ కళ్లు తెరిచి, ఇంకా పోలేదు కదే, ఆపు అంది.

అప్పట్నుంచి ఇద్దరం గూట్లోనే పడుకుంటున్నాం. ఒకే పొయ్యి. ఉప్పు ఎవరు వేయాలన్న దాని మీద రోజూ గొడవే.

గేటు మూతకు 9 రోజులు

మా పాత కాటా మీదికి బండి ఎక్కించాం. నీళ్లు నిండుగా, బట్టలు, గిన్నెలు, బియ్యం, మందులు అన్నీ సర్ది, అక్కను దించి కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ దిగి, ఎప్పట్లాగే గదిలోకి వెళ్లి మీట నొక్కాను. 2,786.

పద్నాలుగు కిలోలు మిగులు. మార్కెట్లో హమాలీలందరూ మూగారు. మా వీధిలో వాళ్ల గూళ్లు మూడువేలు, మూడువేల రెండొందలు తూగి, మంచాలు పీకి బయట పారేస్తున్నారు. నేను ఒక చెంచా కూడా తీయక్కర్లేదు. మేస్త్రికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు మా చెడ్డ గర్వంగా ఉంది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గేటు మూతకు 4 రోజులు

బయల్దేరి రెండు రోజులైంది. తెల్లవారుజామున మూడు గంటలసేపే రోడ్డు తెరుస్తారు, తర్వాత తారు మెత్తబడుతుంది. అందుకని ఈ బండ్ల బారులో వంద కిలోమీటర్లకు నాలుగు రోజులు. ఆగిన ప్రతిచోటా నాలుగు మూలల గొలుసులు చేత్తో లాగి చూస్తున్నాను, టైర్ల గాలి చూస్తున్నాను. మొదటి యాభై కిలోమీటర్లలోనే రెండు గొలుసులు వదులయ్యాయి. కొత్త గూడు బండిలో సర్దుకునేదాకా అంతే.

అక్క కిటికీలోంచి తల తిప్పడం లేదు. జీడితోటలు ఎండి నల్లగా ఉన్నాయి, అయినా చూస్తోంది.

గేటు మూతకు 2 రోజులు

గేటు ముందు పెద్ద మైదానం. జనం దించేసిన బీరువాలు, మంచాలు, ఫ్రిజ్‌లు, ఒక ఉయ్యాల, అన్నీ గుట్టలు. పాపం అనుకుంటూ వాటి మధ్య నుంచి దర్జాగా కాటా మీదికి ఎక్కించాను. గేటు పెద్ద పేరు పాంగి సుభద్ర, కొండ మనిషి, నా వయసే ఉంటుంది. నేను మోటారు ఆపి, అలవాటుగా తలుపు తీసి ఒక కాలు కింద పెట్టాను.

"దిగొద్దు పెద్దమ్మా," అంది. "మా వంతెన మీదికి మీరూ ఎక్కుతారు కదా."

కాలు లోపలికి తీసుకున్నాను. పైన పలక మీద అంకె వెలిగింది. 2,917.

అంకె రెండుసార్లు చదివాను. ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవర్ దిగాలి, క్లీనర్ దిగాలి, కాటా మీద మనుషులుండకూడదు అని అరిచిన గొంతు నాది. సరుకునే తూచాను. మేకుల్ని తూచాను, చెంచాల్ని తూచాను. ఇంట్లో ఉండే మనుషుల్ని తూచలేదు. నేను 69, అక్క 47. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట, ఆ సామెత నా కోసమే పుట్టింది.

అయినా లెక్క కలవడం లేదు. 2,786కి మా ఇద్దరి 116 కలిపితే 2,902. ఇంకో పదిహేను కిలోలెక్కడివి? దిగి వెనక్కి వెళ్లి గూట్లో అక్క మొహం చూశాను. ఆవిడ కిటికీవైపు తిరిగింది. మంచం కింద, దుప్పట్లో చుట్టి, పదిహేను కిలోల బెల్లం దిమ్మ. కాటా వేసిన మర్నాడు పెట్టిందట.

"కొండోల్ల సోటుకి," అని ఆగి ఊపిరి తీసుకుంది. "ఒట్టి సేతుల్తో ఎలా ఎల్తామే?"

తిట్టడానికి నాకు మొహమెక్కడుంది? ఆవిడది పదిహేను కిలోల తప్పు, నాది నూట పదహారు. బెల్లాన్ని అక్కడే పగలగొట్టి, క్యూలో ఉన్నవాళ్లందరికీ పానకం చేసి పోసింది. సుభద్ర రెండు గ్లాసులు తాగింది, కానీ ఒక్క కిలో కూడా వదల్లేదు. వదిలితే వంతెన వదలదు కదా అంది. కాటా మనిషి అలాగే ఉండాలి, నేనైనా అంతే.

గూడు కాళ్లు నాలుగూ విప్పాను. పైన గూటిని దించే పని లేదు, దిగొచ్చాక మళ్లీ తగిలించుకోవచ్చు. ఒక్కోటి పదమూడు, మొత్తం 52. అర తలుపులు, మడత బల్ల, మెట్ల పీట, రెండో పరుపు, బియ్యంలో సగం, ఇంకో పదిహేడు. మళ్లీ కాటా ఎక్కించాం. 2,833.

ముప్పై మూడు కిలోలు మిగిలాయి. నీళ్ల తొట్టికి సీలు వేశారు, దారిలో చుక్క దొరకదు కాబట్టి వంద లీటర్లు ఉండి తీరాలి. బ్యాటరీలు, స్టెపినీ, ఊపిరి యంత్రం తీయలేను. గూడంతా నాలుగుసార్లు తడిమాను. ఏమీ దొరకలేదు.

గేటు మూతకు 1 రోజు

పొద్దున లేచేసరికి అక్క పక్క మీద లేదు. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని సొరంగం బస్సు ఆగేచోట బండరాయి మీద కూర్చుంది. లెక్క ఆవిడకూ తెలుసు. ఆవిడ దిగితే 47 తగ్గుతుంది, బండి పైకి పోతుంది.

"నన్ను ఒగ్గేసి," అంది. ఊపిరి. "నువ్వెల్లు సన్నేసీ."

నాకు ఒళ్లు మండింది. నలుగురూ చూస్తున్నారని కూడా లేదు, అరిచేశాను. నువ్వు లేకుండా నేను పైకెళ్లి ఏం చేయను, కొండను తూచనా అన్నాను. కిందటేడు చల్లగదిలో నాలుగు నెలలు ఒక్క రాత్రి నిద్రపోలేదని చెప్పాను. నువ్వు అక్కడ దగ్గుతుంటే ఇక్కడ నాకు వినపడేదని చెప్పాను. ఇన్నేళ్లలో ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు. అరుస్తూనే ఏడ్చేశాను.

అక్క వేలెత్తి గూడువైపు చూపించింది.

"అయితే ఆ సల్లపెట్టి దింపు."

దింపితే ఎండలో ఏమైపోతావు అన్నాను. కొండ మీద చలే కదా, అక్కడ చల్లపెట్టె ఎందుకు అన్నట్టు చేత్తో చూపించింది. నిజమే. మైదానం భయాన్ని మూటగట్టి 34 కిలోలుగా గోడకు బిగించుకుని, చల్లటి చోటికి మోసుకుపోతున్నాను. అది కావలసింది దారిలోనే. తెల్లవారుజామున నాలుగింటికి మొదటి వరుసలో బయల్దేరితే ఎండ ఎక్కేలోపు పైన ఉంటాం. ఆలస్యమైతే మాత్రం అక్కకు ఆ రేకుల గది పొయ్యే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నట్లు నేనే విప్పాను. కంత పడ్డ చోట కిటికీకి మిగిలిన ప్లాస్టిక్ ముక్క బిగించి, చుట్టూ బంక పెట్టాను. కాటా ఎక్కించి ఇద్దరం లోపలే కూర్చున్నాం. అక్క కళ్లు మూసుకుని నూకాలమ్మ తల్లిని తలుచుకుంది. 2,799.

క్యూలో ఎవరో ఈల వేశారు. సుభద్ర ఈ పుస్తకం అడిగి తీసుకుని, నిలబడే అంతా చదివింది. తిరిగి ఇస్తూ నవ్వింది. మొదటి వరుసలో మూడో నంబరు ఇచ్చింది.

గేటు మూసే రోజు

నాలుగు గంటలకు బయల్దేరాం. ఇరవై ఏడు మలుపులు. పదకొండో మలుపు దాటాక తీగల వంతెన. కింద లోయ కనపడలేదు, చీకటి నయం. వంతెన మా బరువుకు కిర్రుమంది, మోసింది. నాకు ఆ శబ్దం నచ్చింది, సరిగ్గా తూచిన బరువు అలాగే పలుకుతుంది.

పదహారో మలుపు దగ్గర మా ముందు బండి ఆగిపోయింది. ఎక్కడం లేదు. ముందు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, కంకర ఎగురుతోంది, బండి కదలదు. దారి ఒక్క బండికే. వెనక నలభై బండ్లు. అరగంట గడిచింది, ఎండ కొండ అంచు మీదికి వచ్చేసింది. గూట్లో 38. ఇంకో పది నిమిషాలకు 41. తొట్టి సీలు తెంపి, చీర తడిపి అక్క ఒంటి మీద కప్పాను, ముక్కుకు గొట్టం పెట్టాను. పెదాలు నల్లబడటం మొదలైంది. ఆవిడ నా చెయ్యి వదిలించుకుని ముందుకు చూపించింది, పో అన్నట్టు.

పోయాను. ఆ బండిలో ఐదుగురి సంసారం, అందరూ మోటారు పాడైందని తలలు పట్టుకుని కూర్చున్నారు. నాకు మోటారు సంగతి తెలీదు గానీ బండిని చూడగానే తెలిసింది, ముందు తేలుతోంది. నీళ్ల డబ్బాలు నాలుగూ వెనక తలుపు దగ్గరే పేర్చుకున్నారు. వెనక తలుపు తీయమన్నాను. ఇంటాయన నువ్వెవరు అన్నాడు. అనకాపల్లి కాటా సన్యాసమ్మను, నోరు మూసుకుని డబ్బా అందుకో అన్నాను. వెనక బండ్లలో వాళ్లను పిలిచాను. చేతులు మార్చుకుంటూ నాలుగు డబ్బాలూ ముందు క్యాబిన్‌లో కాళ్ల దగ్గరికి చేర్చాం. ఇంటాయన స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు, మిగతా నలుగుర్నీ ఆయన పక్కన ఇరికించాను. ఇప్పుడు మెల్లగా తొక్కు అన్నాను.

చక్రం పట్టుకుంది. మలుపు తిరిగింది. కొండంతా అరుపులు. నేను వెనక్కి పరిగెత్తాను, అరవై ఏళ్ల దాన్ని పరిగెత్తానని రాయడానికి నాకే నవ్వొస్తోంది.

గూట్లో 44. అక్క కళ్లు మూసుకుంది. అక్కా అంటే పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెడితే వేడి గాలి సన్నగా తగిలింది. ఇంకో చెంబుడు నీళ్లు తల మీద పోసి, బండెక్కి తోలాను. పదిహేడు, పద్దెనిమిది, లెక్కపెడుతూనే ఉన్నాను. ఇరవై రెండో మలుపులో అద్దంలోంచి గాలి మారింది. చేతి మీద వెంట్రుకలు లేచాయి. ముందు అర్థం కాలేదు, చలి. ఎన్నేళ్లయింది ఆ మాట ఒంటికి తెలిసి! బండి ఆపకుండానే వెనక కిటికీ తెరవమని అరిచాను. ఎవరు తెరుస్తారు, లోపల ఆవిడొక్కతే కదా. కానీ తెరుచుకున్న చప్పుడు వినపడింది.

ఎనిమిదీ నలభైకి చలిమెట్ట. 24 డిగ్రీలు. తలుపు తీస్తే అక్క తడిచీరలో మంచం మీద కూర్చుని, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వేళ్లు ఆడిస్తోంది. కింద గేటు మూసిన సైరన్ ఇక్కడికి వినపడింది.

కొండ మీద 23వ రోజు

బండి బాగుంది. గొలుసులు మూడు రోజులకోసారి బిగిస్తున్నాను. బ్యాటరీ చివర్లకు పట్టిన తెల్లటి పొడి తుడిచి వాజలిన్ రాశాను. వానాకాలం ఇక్కడ ముందే మొదలవుతుందట, చల్లపెట్టె తీసినచోట అతుకు చూద్దామని ఇవాళ పైకప్పు ఎక్కాను. అక్క ఊపిరి యంత్రం వారం నుంచి వాడటం లేదు, దానికి గుడ్డ కప్పి ఉంచాను.

నేను పైన వంగి అతుకులు తడుముతుంటే ఊటబావి దగ్గర్నుంచి అక్క వస్తోంది. బిందె చంకలో ఉంది. యాభై అడుగుల దూరం నుంచే నన్ను చూసింది, అక్కడే నిలబడింది, అక్కడ్నుంచే మొదలుపెట్టింది.

"ఏటే సన్నేసీ, అరవయ్యేల్లొచ్చినా బుద్ది రాలేదు నీకు, రేకు తడిగుందని సూడకుండా ఎక్కేసినావు, కాలు జారితే నడుం ఇరుగుద్దని తెలీదేటి, రేపు నీకేదైనా అయితే ఈ కొండ మీద నన్నెవలు సూత్తారు, ఆ బండెవలు తోల్తారు, బంకా గింకా అక్కడెట్టి ముందు బేగి దిగు, నా సేతి కాఫీ తాగి అప్పుడెక్కుదువు గాని."

బంక డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఆవిడ ఎక్కడా ఆగలేదు. బిందె కూడా దించలేదు.

ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్లలో నేను ఆవిడకు ఎదురు చెప్పకుండా దిగింది ఇవాళే.